పిల్లికి రాసిన కాగితం

నాకు పిల్లులంటే పడదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఇదంతా చదివి నన్నేదో పిల్లుల్ని ముద్దుచేసే మనిషి అనుకుంటారు. మా వైపు పొద్దున్నే పనిమీద బయల్దేరినవాడికి పిల్లి అడ్డమొస్తే వెనక్కి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మళ్లీ బయల్దేరతాడు. నేనూ అలాగే చేసేవాణ్ణి. సౌదీకి వచ్చాక ఆ అలవాటు మానుకోవాల్సి వచ్చింది. రియాద్‌లో చెత్తడబ్బాకి నాలుగు పిల్లులుంటాయి. కనిపించిన ప్రతి పిల్లికీ వెనక్కి తిరిగితే నేను డ్యూటీకి చేరేది పొద్దుగూకాకే.

అలాంటి నేను ఒక పిల్లిని ఉద్యోగంలో పెట్టుకున్నాను. దానికి కాగితం రాయించాను, సంతకం పెట్టాను, స్టాంపు కూడా వేశాను.

అప్పుడు నేను రియాద్ శివారు సులైలో ఒక కాంట్రాక్టు కంపెనీ గోడౌన్‌కి స్టోర్‌కీపర్‌ని. పదకొండేళ్లుగా అదే రేకుల షెడ్డు, అదే తాళాల గుత్తి. నితాఖత్ అంటే మాకు తెలిసిందల్లా రంగులు. కంపెనీలో సౌదీలు సరిపడా ఉంటే పచ్చ, తక్కువుంటే పసుపు, మరీ తక్కువుంటే ఎరుపు. మాది ఎరుపులో పడింది. ఎరుపు కంపెనీకి మా అకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ చేసే వీల్లేదు. దానికితోడు తలకింత అని నెలనెలా సర్కారుకి కట్టాల్సిన లెవీ. తలలు తగ్గితే లెవీ తగ్గుతుంది కాబట్టి తలలు తగ్గించడం మొదలుపెట్టారు. గురువారం సాయంత్రం నమాజు అయ్యాక మెస్ తలుపుకి లిస్టు అంటించేవారు. అందులో పేరుంటే ఖురూజ్, అంటే మళ్లీ రాకుండా ఇంటికి పోవడం. బుధవారం నుంచే మా గదిలో ఎవడికీ అన్నం దిగేది కాదు.

నా అకామా ముగియడానికి అయిదు నెలలుంది. నా కూతురు కరీంనగర్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది, ఆ చదువు నా జీతం మీదే నడుస్తోంది. ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ణి, అబద్ధం కూడా కాదు. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఇంటికి పోవాలంటే నాకు భయం. పదకొండేళ్లలో అయిదుసార్లు పోయాను, పోయిన ప్రతిసారీ చుట్టంలాగే ఉన్నాను. మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో అడిగి తెలుసుకునేవాణ్ణి. రెండు నెలలకు చుట్టాన్ని ఎవరైనా భరిస్తారు, ఎల్లకాలం ఎవరు భరిస్తారని అనిపించేది. ఈ మాట నా భార్యతో ఎప్పుడూ అనలేదు.

చీనాయన మా గోడౌన్‌కి మొదటిసారి వచ్చింది గొడవ పెట్టుకోవడానికే. చైనా మనిషి కాబట్టి మేమందరం ఆయన్ని అలాగే అనేవాళ్లం. వాళ్ల కంపెనీ ఖమీస్ ముషైత్‌లో పెద్ద కట్టడమేదో మొదలుపెట్టబోతోంది. దానికోసం వచ్చిన కేబుల్ డ్రమ్ములు, ప్యానెల్ బోర్డులు మా షెడ్డులో దాచిపెట్టారు. వాటిని తనిఖీ చేయడం ఆయన పని. అరవైకి దగ్గర్లో ఉంటాడు, సన్నగా ఉంటాడు, మెడలో తాడుకి కళ్లద్దాలు వేలాడుతుంటాయి. ఒక డ్రమ్ము దగ్గర వంగి కేబుల్ కొసని వేలితో తడిమి నన్ను పిలిచాడు. ఎలుక పళ్లు. రెండో డ్రమ్ము మీదా అవే. జేబులోంచి సరుకు పనికిరాదనే ఎర్ర స్టిక్కర్ తీసి అంటించాడు. ఎరుపు రంగు చూస్తేనే అప్పటికి మాకు ఒళ్లు మండేది.

నేను ఊరుకోలేదు. ఎలుకలు మీ దేశం నుంచే పెట్టెల్లో వచ్చాయేమో, ఎవరు చూశారని అరిచాను. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు ఓ నలభై మాటలు. నాకు ఇంకో పది ఎక్కువ వచ్చు. మిగతాదంతా ఆయన ఫోను తర్జుమా చేసి వినిపించేది. నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, ఫోన్లో ఏదో చెప్పి నా ముందు పెట్టాడు. మీకు పిల్లి లేదా అని అడిగింది ఫోను.

ఆ సరుకు వెళ్లిపోతే మా షెడ్డులో మిగిలేవి పగిలిన టైల్సూ గడ్డకట్టిన పెయింటు డబ్బాలూ. వాటికి స్టోర్‌కీపర్ అక్కర్లేదు. మా ముదీర్, అంటే మేనేజరు, ఆ సాయంత్రమే పిలిచి, ఇంకొక్క ఎర్ర స్టిక్కర్ పడితే వచ్చే గురువారం లిస్టులో నీ పేరే మొదట ఉంటుందని చెప్పాడు. మందు పెట్టాను. ఎలుకలు మందు తిని ర్యాకుల వెనక చచ్చి, వారం రోజులు మాకు కంపు మిగిల్చాయి. జిగురు అట్టలు పెడితే వాటికి నా చెప్పే అతుక్కుంది.

చీనాయన వారానికి రెండుసార్లు వచ్చేవాడు. తనిఖీ అయ్యాక నా టేబుల్ దగ్గర కూర్చుని స్టీలు ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకుని తాగేవాడు. సంచిలో ఒక నోటుపుస్తకం ఉండేది, చిన్న పిల్లలు వాడే గళ్ల పుస్తకం. గడికొక అక్షరం, పెన్సిలుతో. ఏమిటని అడిగితే పద్యాలన్నాడు. వెయ్యేళ్ల కిందటివీ, అంతకు కాస్త అటూ ఇటూ. కొడుకు ఫోన్లో పంపితే తను రాసుకుంటాడట. ఎవరి మీద పద్యాలని అడిగాను. రాజుల మీదనో దేవుళ్ల మీదనో అంటాడనుకున్నాను. ఈ పుస్తకంలోవి పిల్లుల మీద అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పెద్ద చదువులు చదివినవాళ్లు, కొలువుల్లో ఉన్నవాళ్లు, పిల్లుల మీద పద్యాలా? మన పద్యాల్లో, నాకు పదో తరగతి నుంచి గుర్తున్నంతలో, పిల్లి కనిపించిందంటే దొంగగానో దొంగ సన్యాసిగానో కనిపిస్తుంది. మనకి ఏనుగు కావాలి, సింహం కావాలి, చివరికి కాకి కూడా పనికొస్తుంది గానీ పిల్లిని కూర్చోబెట్టి మర్యాద చేసిన పద్యం నాకొక్కటీ గుర్తు రాలేదు. ఆయనకి ఆ మాట చెబితే, పాపం మీ ఎలుకలు ఎంత సుఖంగా ఉన్నాయో అన్నట్టు చూశాడు.

రోజుకొక పద్యం సంగతి చెప్పేవాడు. పుస్తకాల్ని ఎలుకలు కొరికేస్తున్నాయని ఒకాయన పిల్లిని తెచ్చుకుంటాడు. ఇంకొకాయన, నా అన్నంలోనే చేప లేదు, నీకేం పెట్టను, ఏమీ అనుకోకు అని పిల్లిని బతిమాలుకుంటాడు. మరొకాయన కడుపునిండా తిని నిద్రపోయే పిల్లిని తిడతాడు, ఎలుకలు నీ తోక పక్క నుంచే పోతున్నాయి చూడమంటాడు. చచ్చిపోయిన పిల్లి కోసం ఏడ్చినవాళ్లూ ఉన్నారు. వింటూ వింటూ నాకు తెలియకుండానే తర్వాత ఏమైందని అడగడం మొదలుపెట్టాను. గురువారం దగ్గరపడే కొద్దీ నా బుర్ర తాళాలూ లిస్టులూ అని గిరగిరా తిరిగేది. ఆ పద్యాలు వింటున్నంతసేపూ కాస్త నిలబడేది.

ఒకరోజు ఆయనే తేల్చేశాడు. నువ్వొక పిల్లిని కుదుర్చుకో అన్నాడు. కుదుర్చుకోవడమేమిటి, బయట పది తిరుగుతున్నాయి, ఒకదాన్ని పట్టి లోపల పడేస్తే సరి అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అలా పట్టుకొస్తే అది దొంగతనం, ఆ పిల్లి నీ ఇంటి పిల్లి కాదు అన్నాడు. వాళ్ల పద్యాల్లో పద్ధతుంది. పిల్లి ఏ ఇంట్లో పుట్టిందో ఆ ఇంటికి ఉప్పు పొట్లం కట్టి తీసుకుపోవాలి. ఆ ఇంటివాళ్లు ఉప్పు అందుకుంటేనే పిల్లిని ఇచ్చినట్టు. తర్వాత పిల్లికి కాగితం రాయాలి.

మా వీధి చివర బకాలా కొట్టు కడప భాయ్‌ది. ఆయన కొట్లో బియ్యం బస్తాల వెనక పిల్లి ఈనిందని నాకు తెలుసు. వెళ్లి అడిగితే ఆయన మొదట ఒప్పుకోలేదు.

"పిల్లిని అమ్మేది ల్యాదన్నా. మా మతంలో తప్పది. ఊరికే ఇస్తా గానీ, ఆ రేకుల షెడ్డులో యాడ పెడతావు దాన్ని? ఎండకి మాడి చస్తాది."

"అమ్మకు భాయ్. ఉప్పుకి ఇయ్యి. చీనాయన కత చెప్తడు, ఇను."

శుక్రవారం పొద్దున ముగ్గురం కొట్లో నిలబడ్డాం. చీనాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తెల్ల కాగితంలో ఉప్పు పోసి, ఎర్రదారం కట్టి, రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి భాయ్ ముందుకు చాపాడు. భాయ్ గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. నేనూ అదే క్షణంలో, వద్దు, చేతికివ్వొద్దు అని అడ్డం వెళ్లాను. ఉప్పు చేతికిస్తే తగాదా వస్తుందని మా అమ్మ నేర్పింది, వాళ్లమ్మ ఆయనకి నేర్పింది. ఆయనది కడప, నాది మెట్‌పల్లి పక్కన. నమాజు ఆయనది, మొక్కులు నావి. ఉప్పు దగ్గర మాత్రం ఇద్దరం ఒకటే.

చీనాయన ముఖం వాడిపోయింది. పిల్లిని ఇవ్వనన్నాడని అనుకున్నాడు. ఫోన్ తీసి సంగతి చెప్పాను. చేతిలో పెట్టకూడదు, కింద పెట్టు, ఆయన తీసుకుంటాడు అన్నాను. ఆయన ఫోన్ వంక, పొట్లం వంక, మా ఇద్దరి వంక చూసి, అంతే మర్యాదగా రెండు చేతులతో దాన్ని బియ్యం బస్తా మీద పెట్టాడు. తల్లి పిల్లి వచ్చి వాసన చూసి పోయింది. అప్పుడు భాయ్ పొట్లం తీసుకుని గల్లా పక్కన పెట్టుకున్నాడు. చీనాయన నోటుపుస్తకం తీసి ఆఖరి పేజీలో ఏదో రాసుకున్నాడు. పద్యంలో లేని సంగతి కదా, రాసుకుంటున్నా అన్నాడు.

కాగితం ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మూత మీద పెట్టి రాశాడు. నా డెలివరీ నోటు వెనక పేజీ అది. నడిమధ్య పిల్లి బొమ్మ వేసి, దాని చుట్టూ గుండ్రంగా అక్షరాలు తిప్పుకుంటూ పోయాడు. ఎలుకల్ని పట్టాలి. ఇరుగుపొరుగు కోళ్ల జోలికి పోకూడదు. ఇల్లు విడిచి ఊరు పట్టుకుని తిరగకూడదు. ఇంటివాళ్లు దానికి వెచ్చటి చోటు ఇవ్వాలి, దొరికినప్పుడు చేప పెట్టాలి. నేను మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి నాకే సిగ్గేసింది. బొంబాయి ఏజెంటు ఆఫీసులో అరబ్బీలో ఉన్న నా కాగితం మీద, అతను వేలుపెట్టి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి వచ్చినవాణ్ణి నేను. అందులో నాకు వెచ్చటి చోటు రాశారో లేదో ఈరోజుకీ తెలియదు.

భాయ్ ఉర్దూలో, నేను తెలుగులో సంతకాలు పెట్టాం. పదకొండేళ్ల అలవాటు ఊరుకుంటుందా, జేబులో ఉన్న స్టోర్ స్టాంపు తీసి ఠక్కున గుద్దాను. సరుకు మంచి స్థితిలో అందినది అని పడింది.

"ఎన్ని ఏళ్లకి?" అని అడిగాను చీనాయన్ని.

ఏళ్లు లేవన్నాడు. మరి తిరిగి పుట్టింటికి పంపాలంటే ఏం చేయాలని అడిగాను. ఆయన ఆలోచించి, నోటుపుస్తకం పేజీలు అటూ ఇటూ తిప్పాడు. తెచ్చుకున్న పద్యాలున్నాయి, తిట్టిన పద్యాలున్నాయి, ఏడ్చిన పద్యాలున్నాయి. తిరిగి పంపిన పద్యం తను చూడలేదన్నాడు. వెతుకుతాలే అన్నాడు.

బూడిదరంగు ఆడపిల్లి. మెడ కింద తెల్లగా చారెడు మచ్చ. నెల రోజులు అది చేసిన పని నిద్ర. ఏసీ గాలి తగిలే పెట్టె ఎంచుకుని, దాని మీద చుట్టచుట్టుకుని పడుకునేది. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడని మనం అంటాం గానీ, ఆ షెడ్డులో అలా తిరిగింది నేను. లెక్కపెట్టిన డబ్బాలే మళ్లీ లెక్కపెట్టేవాణ్ణి. తాళం వేసి పది అడుగులు పోయి తిరిగొచ్చి లాగి చూసేవాణ్ణి. ఫోన్ మోగకపోయినా తీసి చూసేవాణ్ణి. పనిదొంగా, నీ కాగితం నేను చింపేస్తా, నిన్ను ఖురూజ్ కొట్టిస్తా అని పిల్లిని తెలుగులో తిట్టేవాణ్ణి. చీనాయనకి తర్జుమా చేస్తే సంబరపడిపోయాడు. సరిగ్గా ఇలాంటి తిట్లే పద్యాల్లో ఉన్నాయి, నువ్వూ రాయొచ్చు అన్నాడు.

రెండో నెల మొదట్లో పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి నా కుర్చీ ముందు ఎలుక. మర్నాడు రెండు. ఆ తర్వాత లెక్క నేను రాయలేదు. చీనాయన వంగి వంగి వెతికినా పంటిగాటు కనిపించలేదు, ఎర్ర స్టిక్కర్ జేబు దాటలేదు. నేను బతా బజారు దాకా పోయి చేప కొనుక్కొచ్చి పెట్టాను. అది తింటుంటే పక్కన కూర్చున్నాను. పడదు పడదంటూనే ఎప్పుడు పడిందో నాకే తెలియదు.

నా పేరు లిస్టులో రాలేదు. కానీ లిస్టు ఆగలేదు. మా గదిలో ఎనిమిది మందిమి ముగ్గురమయ్యాం. అంతలో చీనాయన వచ్చి, సరుకంతా ఖమీస్‌కి తరలిస్తున్నాం, గోడౌన్ అక్కడే కట్టాం అన్నాడు. నేను తాళాల గుత్తి తీసి టేబుల్ మీద పెట్టేశాను. ఆయన మాట పూర్తిచేశాడు. అక్కడ స్టోర్‌కి మనిషి కావాలి, నీ సంగతి చెప్పాను, మా కంపెనీ పచ్చలో ఉంది, మీ కంపెనీ ఎరుపు కాబట్టి నిన్ను రప్పించుకున్న యజమాని, ఆ కఫీల్, ఒప్పుకోకపోయినా నువ్వు మారొచ్చు అని వాళ్ల కంపెనీ కాగితం ఇచ్చాడు. అదే వారం మా ముదీర్ ఖురూజ్ కాగితం నా టేబుల్ మీద పెట్టి, సంతకం పెడితే పదిరోజుల్లో టికెట్టు అన్నాడు. రెండు కాగితాలూ సొరుగులో పెట్టుకుని నేను గోడమీద పిల్లినయ్యాను.

శుక్రవారం బతాకి పోయాను. ఎప్పుడూ భుజానికి భుజం రాసుకునే ఆ సందుల్లో ఆరోజు చేతులూపుకుంటూ నడవొచ్చు. ఉన్నవాళ్లలో సగంమంది సూట్‌కేసులు కొంటున్నారు. ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. పిల్లి కథంతా నా భార్యకి తెలుసు. వారం వారం చెబుతూనే ఉన్నాను. ఉప్పు పొట్లం సంగతి చెప్పినరోజు చాలాసేపు నవ్వింది కూడా.

"ఖమీస్ల పని దొరికేటట్టున్నది," అన్నాను.

"ఖురూజ్ ఇస్తున్నరంటివి గద."

"ఇస్తున్నరు. ఒచ్చి ఏం జెయ్యాలె అక్కడ? పిల్ల సదువు?"

"పిల్లది ఇంకో ఏడాదిన్నర. బీడీల పైసలున్నయి, పసుపు అమ్మిన పైసలొస్తయి. ఎట్లనో ఎల్లుతది."

"ఎట్లనో అంటె కాదు."

"పదకొండేండ్లాయె," అంది. "నీ ఇష్టం," అని పెట్టేసింది.

నీ ఇష్టం అన్న మాట మీద నాకు కోపమొచ్చింది. గదికి వచ్చేదాకా ఆ కోపాన్ని తిప్పితిప్పి చూసుకున్నాను. అది ఆమె మీద కాదు. పోవాలని ఉన్నట్టూ, పోతే నన్నెవరూ గుర్తుపట్టనట్టూ, రెండూ ఒకేసారి లోపల గీకుతున్నాయి.

షెడ్డు ఖాళీ అయ్యే రోజు పిల్లిని పెట్టెలో పెట్టుకుని భాయ్ కొట్టుకి తీసుకుపోయాను. నా సంగతి తేలకపోయినా దాన్నైనా సరుకుతో పంపుదామంటే, ఖమీస్‌కి లారీలో పద్నాలుగు గంటల దారి, డ్రైవరు పిల్లిని ఎక్కించనన్నాడు. చీనాయన అప్పటికే వెళ్లిపోయాడు. పద్యంలో దారి లేదు కాబట్టి నాకు తోచినట్టు చేశాను. పెట్టె దించి మూత తీశాను. పిల్లి బయటికొచ్చి, తను పుట్టిన బస్తాల వెనక్కి నేరుగా నడిచింది. ఎంత తెలివి, మరిచిపోలేదు అనుకున్నాను. తల్లి పిల్లి లేచి నిలబడింది. వీపు వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని, బుస్సుమని కూతురి ముఖం మీద కొట్టింది. ఇది చెవులు వెనక్కి మడుచుకుని ఫ్రీజర్ కిందికి దూరింది.

"మర్సిపోయినాదన్నా," అన్నాడు భాయ్. "నీ షెడ్డు వాసన దీనికి. తల్లికి కొత్త పిల్లే ఇది."

మూడు నెలలకే తల్లి బిడ్డని గుర్తుపట్టలేదు. పదకొండేళ్ల సిమెంటు వాసన, కేబుల్ వాసన నా ఒంటి మీదున్నాయి. ఆ సాయంత్రమే ముదీర్ ఇచ్చిన ఖురూజ్ కాగితం నాలుగు ముక్కలు చేసి, ఖమీస్ కంపెనీకి సరేనని కబురు పెట్టాను. తొమ్మిదో రోజున నా కఫాలా కొత్త కంపెనీ పేరుకి మారిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అందరూ అదృష్టవంతుడివన్నారు. నేనూ అనుకున్నాను. నవ్వానో లేదో గుర్తులేదు.

ఖమీస్‌లో చలి. పొద్దున లేస్తే కిటికీ బయట మబ్బు, పక్క షెడ్డు కూడా కనపడదు. రియాద్ ఎండకి అలవాటుపడ్డ ఒళ్లు అక్కడ ఒకచోట కుదురుకునేది కాదు. మొదటిరోజు కొత్త స్టోర్ గదిలోకి అడుగుపెడితే చీనాయన ఉన్నాడు, మళ్లీ ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి లేచి, సంచిలోంచి పొట్లం తీశాడు. తెల్ల కాగితం, ఎర్రదారం. రెండు చేతులా పట్టుకుని నా వైపు వంగబోయి ఆగాడు. పక్కకి తిరిగి పొట్లాన్ని టేబుల్ మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఒక్క క్షణం నాకు ఒళ్లు మండింది. నేను పిల్లినా? నన్ను ఉప్పుకి కొన్నారా? ఆయన ముఖం చూస్తే ఆ కోపం నిలవలేదు. పదకొండేళ్లలో నేను వచ్చానని ఎవరూ లేచి నిలబడలేదు. నన్ను పంపినందుకు నా ఇంటికి ఏదైనా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, చలి మీదకి నెట్టేశాను. ఇది నీకు కాదు, మీ ఇంటికి అన్నాడు ఆయన. నాకు తెలుసన్నాను.

మా క్యాంపులో కోరుట్లాయన ఒకడు ఆ నెలలోనే సెలవు మీద పోతున్నాడు. పొట్లం అతని చేతికి ఇవ్వకుండా మంచం మీద పెట్టి, మా ఇంట్లో ఇచ్చి రమ్మన్నాను. సౌదీ నుంచి ఖర్జూరాలు పంపుతారు, నువ్వు ఉప్పు పంపుతున్నావేమిటని అతను నవ్వాడు. నా భార్యకి ఫోన్లో చెప్పాను, ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో, ఎలా పెట్టారో అంతా. ఆమె ఊఁ కొట్టింది.

ఆ మధ్యలో కడప భాయ్ ఫోన్ చేశాడు. "రెండు వారాలకి కలిసిపోయినాయన్నా. తల్లి నాకి నాకి దాని వాసనంతా పోగొట్టింది. ఇప్పుడు ఒకే బస్తా మీద పండుకుంటాండాయి." సంతోషమన్నాను. ఫోన్ పెట్టేశాక, ఈ మాట ముందే చెప్పి ఏడవకూడదా అని ఉత్త గోడని తిట్టాను.

కోరుట్లాయన రెండు నెలలకి తిరిగొచ్చాడు. మా ఇంటి నుంచి సకినాలు తెచ్చాడు, మామిడికాయ తొక్కు తెచ్చాడు. అవి నా చేతికిచ్చి, సంచిలో మళ్లీ చెయ్యిపెట్టి, తెల్ల పొట్లాన్ని స్టోర్ టేబుల్ మీద పెట్టాడు.

"ఇదేందే, ఇయ్యలేదా?"

"గద్దె మీద పెట్టిన. ఒదినె ముట్టలే. పోయేటప్పుడు తీస్కపొమ్మన్నది."

ఎర్రదారం ముడి కట్టింది కట్టినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు. వెంటనే ఫోన్ చేశాను. ఉప్పు ఎందుకు తీసుకోలేదు, పెద్దమనిషి మర్యాదగా ఇచ్చింది, తప్పు కాదా అని అడిగాను. గొంతు పెంచినట్టున్నాను.

"తీస్కుంటె ఇచ్చినట్టే అంటివి గద," అంది. "నేనియ్యలే."

ఫోన్లో వెనకాల ఎవరిదో బండి పోతున్న చప్పుడు వినిపించింది.

"అన్నం తిన్నవా?" అని అడిగింది.